కిందికి మూడు, పక్కకు రెండు

మునిశేఖర్ తెర మీది బొమ్మలను మరోసారి లెక్కపెట్టుకున్నాడు. ఇరవై మూడు. సంచీలోంచి చదరాల నోటుపుస్తకం తీసి, కొత్త పేజీ పైన "టమాటా మండీ, మదనపల్లె" అని రాసి తేదీ వేశాడు. పెన్సిలుతో ఒక్కో గడిలో ఒక్కో పేరు దించుకోసాగాడు. ఎడమ మూల చెత్తబుట్ట, దాని కింద బిల్లులు, ఆ కింద లారీల జాబితా, ఆ పక్కన గుమాస్తా కూతురి పుట్టినరోజు ఫోటోలు, అన్నిటికీ దూరంగా కుడి చివర ఎవరూ ఎప్పుడూ తెరవని పేకాట. వెనకాల తెర నిండా ఉన్న తోటను కూడా వదలకుండా "పొద్దుతిరుగుడు, కుడివైపు రెండు పెద్ద పూలు" అని అడుగున రాసుకున్నాడు.

బయట వేలం పాట జోరుగా సాగుతోంది. చితికిన టమాటాల పులుపు వాసన గదిలోకి కొడుతోంది. లోపల అతను చేస్తున్నది కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచేసి ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కించే పని. ఊళ్లో ఈ పని చేసేవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. వాళ్లు గంటలో ముగించి, కడిగిన పళ్లెంలాంటి ఖాళీ తెర అప్పగించి వెళ్లిపోతారు. ఆ తర్వాత వారం రోజులు కంప్యూటర్ గలవాళ్లు తమ బిల్లులు ఎక్కడున్నాయో తెలియక తడుముకుంటారు. మునిశేఖర్‌కు అది నచ్చదు. మనుషులకు కంప్యూటర్ తెలియదు, అందులో తమ వస్తువులుండే చోటు మాత్రమే తెలుసు అని అతని నమ్మకం. అందుకే తుడవకముందు ఏది ఎక్కడుందో పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు, తుడిచాక మళ్లీ అన్నిటినీ అక్కడే పెడతాడు. పాతికేళ్లలో అలాంటి పుస్తకాలు పద్నాలుగు నిండాయి.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. పని ఎంత బాగా చేస్తే అంతగా ఏమీ చేయనట్టు కనబడుతుంది. పదిన్నరకు గుమాస్తా దాసప్ప వచ్చి కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ నొక్కి చూసి, మునిశేఖర్ వైపు అనుమానంగా తిరిగాడు.

"ఏమప్పా, పొద్దున్నించీ కూసోని ఏం సేసినావు? అంతా ముందున్నట్లే ఉండాది గదా!"

"అట్లుండాలనే సేసినాను."

దాసప్ప ఇంకేదో అనబోయి, బయట ఎవరో పిలిస్తే లేచి వెళ్లిపోయాడు. టీ తాగుతావా అని అడగడం మరిచిపోయాడు. మునిశేఖర్ స్క్రూడ్రైవర్‌ను చొక్కా జేబులో పెన్ను పక్కన గుచ్చుకుని, సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని మండీ బయటికి నడిచాడు. ఏళ్లతరబడి ఆ సంచీ మోసి ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి వాలింది. వయసు యాభై ఒకటి. సన్నటి మనిషి. పొట్టిచేతుల చొక్కా మీద ఇస్త్రీ మడతలు తిన్నగా ఉంటాయి, బొటనవేలి మీద మాత్రం కంప్యూటర్ డబ్బాల రేకు కోసిన గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి.

పుంగనూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈ దారిలో అతను ఎన్ని వందలసార్లు తిరిగాడో లెక్కలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. అతని జీవితమంతా ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లోనే గడిచింది. పుట్టింది బైరెడ్డిపల్లె పక్కన ఒక పల్లెలో. తండ్రి మారప్ప బండలు కొట్టే కూలి. కొడుకు నీడపట్టున కూర్చుని చేసే పని చేయాలని ఆయన పట్టుబట్టి మదనపల్లెలో కంప్యూటర్ కోర్సులో చేర్పించాడు. కొడుకు నీడపట్టునే కూర్చున్నాడు. ఎక్కువగా బల్లల కింద, వైర్ల మధ్య. పెళ్లి ఒకసారి కుదిరి తప్పిపోయింది. అమ్మానాన్నలు పోయాక రెండోసారి ఆ మాట ఎత్తేవాళ్లు లేకపోయారు. ఇప్పుడు మదనపల్లె శివారు నీరుగట్టువారిపల్లెలో మిద్దె మీద ఒక గది, ఒక మంచం, ఒక ల్యాప్‌టాప్. ఆ ల్యాప్‌టాప్ తెర మీద ఒక్క బొమ్మ కూడా ఉండదు, నీలిరంగు తప్ప. ఊరందరి తెరలూ సర్దేవాడికి తన తెర మీద పెట్టుకోవడానికేమీ దొరకలేదు.

బస్సు ఊరు దాటగానే బుధవారం వచ్చిన ఫోను మళ్లీ మనసును తొలచడం మొదలుపెట్టింది.

"మిషను లెయ్యలేదప్పా," అన్నాడు అవతలి నుంచి అబ్దుల్ రహీం. పుంగనూరు రిజిస్ట్రార్ ఆఫీసు వీధిలో దస్తావేజులు రాసే పెద్దాయన. "నీలంగా వస్తాది, మళ్లా ఆరిపోతాదంట. ఈడ టీ తాగేదానికి వచ్చినోళ్లు సూసి సెప్పినారు. తొందరేం లేదులే. నీకు వీలైనప్పుడు రా."

ఆ వేళకు మునిశేఖర్ కుప్పంలో ఒక కాలేజీలో నలభై కంప్యూటర్ల మధ్య ఉన్నాడు. "శుక్రవారం వస్తాను భాయ్," అన్నాడు. "అట్లే కానీ," అని రహీం పెట్టేశాడు. అంతే. కానీ తొందర ఉందని మునిశేఖర్‌కు తెలుసు. రహీం భాయ్‌కి కళ్లు కనిపించవని లోకంలో తెలిసినవాడు తనొక్కడేనని కూడా తెలుసు.

మూడేళ్ల కిందటి మాట. ఆ రోజు కొత్త ప్రింటర్ పెట్టడానికి వెళ్లి, వైర్లు సర్దుతున్నప్పుడు తెరకు కరెంటిచ్చే వైరు మునిశేఖర్ చెయ్యి తగిలి ఊడింది. బల్ల కిందనుంచి లేచేసరికి రహీం కుర్చీలో కూర్చుని టకటకా టైపు చేస్తున్నాడు. ఎదురుగా తెర బొగ్గులా నల్లగా ఉంది. ఆయన ఆ నల్లటి తెరకేసి కళ్లద్దాల్లోంచి శ్రద్ధగా చూస్తూ, మధ్యలో తల పంకిస్తూ, ఒక పేజీ దానపత్రం పూర్తి చేసి ప్రింటు కొట్టాడు. కాగితం బయటికొచ్చింది. అక్షరం తప్పులేదు. "బాగా పనిసేస్తాండాది," అన్నాడు తెర వైపు చూపించి. మునిశేఖర్ మళ్లీ బల్ల కిందికి వంగి వైరు తగిలించాడు.

చక్కెర జబ్బు కళ్లను కొద్దికొద్దిగా తినేసింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. పాత పత్రాలు రాయించుకోవడానికి వచ్చిన పార్టీల చేతే చదివించుకునేవాడు, "మీరే గట్టిగా సదవండి, రేపు తప్పొచ్చిందని నన్ననగూడదు" అని. టైపు చేసింది మళ్లీ వాళ్ల చేతే చదివించి సరిచూసేవాడు. రహీం సాయిబు పని నిక్కచ్చి అని వీధిలో పేరు. పాత టైపు మిషను మీద ముప్పై ఏళ్లు కొట్టిన వేళ్లకు అక్షరాలు వెతకాల్సిన పనిలేదు. తెర మీద ఏ పత్రం నమూనా ఎక్కడుందో బాణం గుర్తుల లెక్కతో పట్టుకునేవాడు. క్రయపత్రం కావాలంటే మొదటి బొమ్మ నుంచి కిందికి మూడు, పక్కకు రెండు. దానపత్రానికి కిందికి ఐదు. భాగపరిష్కారానికి కిందికి ఒకటి, పక్కకు మూడు.

ఆ లెక్కలు రహీం చెప్పలేదు. పక్కన కూర్చుని వేళ్ల చప్పుడు వింటూ మునిశేఖరే ఎంచుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు సిస్టమ్ మార్చినా ఆ బొమ్మలను గడి కూడా కదలనివ్వలేదు. ఒకసారి కీబోర్డు తుడిచే నెపంతో, పైపుల చిల్లులు పూడ్చే ఎం-సీల్ ముద్దను గోటితో గిల్లి, కిందిబాణం మీద ఒక చుక్క, ప్రింటుకు వాడే అక్షరం మీద ఒక చుక్క, పై మూల వెనక్కి వచ్చే మీట మీద ఒక చుక్క అంటించాడు. మరుసటిసారి వెళ్లినప్పుడు రహీం అన్నాడు, "శేఖరప్పా, కీబోర్డు మీద మెతుకులు అంటుకోనుండాయి. అన్నం యాడ కూసోని తిన్యావు నువ్వు?" ఇద్దరూ నవ్వారు. అంతకుమించి మాట్లాడుకోలేదు. ఆయన కళ్లు కనబడుతున్నట్టు నటించేవాడు, ఇతను నమ్మినట్టు నటించేవాడు, మూడేళ్లుగా వాళ్ల స్నేహం ఇలాగే నడిచింది.

అందుకే ఆయన తొందరేం లేదు అన్నప్పుడు తనూ తొందర లేనట్టే ఉండాల్సి వచ్చింది. బుధవారమే వస్తానంటే తనకు తెలిసినట్టు ఒప్పుకున్నట్టవుతుందని జంకాడు. రెండు రోజులు మిషను లేకుండా ఆయన ఏం చేసి ఉంటాడు? గది మూసి ఇంట్లో ఉండి ఉంటాడులే అని తనకు తాను చెప్పుకున్నాడు.

పుంగనూరులో దిగి రిజిస్ట్రార్ ఆఫీసు వీధికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మెట్ల కిందున్న రహీం గదికి తాళం వేసి ఉంది. శుక్రవారం నమాజుకు పోయేటప్పుడు ఆయన తాళంచెవి పక్కనున్న టీకొట్టులో ఇచ్చిపోతాడు. కొట్టు నడిపే నాగరత్నమ్మ అతన్ని చూడగానే పొయ్యి మీది గిన్నె దించేసింది.

"ఇప్పుడొస్తివా అప్పా. నిన్నొచ్చుంటే ఎంత బాగుండునో!"

"ఏమైందమ్మా?"

"ఏం సెప్పేది. నిన్న ఎవరో పార్టీ వచ్చి, ముహూర్తం దాటిపోతాదని పట్టుబట్టిరి. మిషను లేదని సాయిబు ఎంత సెప్పినా ఇనలే. సేత్తో రాసియ్యమనిరి. ఈయన రాసె. రాసిన లైను మీదనే మళ్లా లైను, దాని మీద ఇంగొక లైను. కాగితమంతా నల్లగా అయిపాయ. అంతమంది సూస్తాండారు. ఒకడు కండ్ల ముందర సెయ్యి ఆడించి సూసినాడప్పా, సిన్నపిల్లోల్లకు ఆడించినట్ల." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "రాత్రికి కూతురు జాహెదా కుప్పం నించి వచ్చేసింది, ఆయన్ని ఆడికే తీసుకుపోతాదంట. నమాజు అయినంక ఇద్దరూ ఈడికే వస్తారు."

బుధవారమే రావలసింది. కాలేజీ కంప్యూటర్లు ఒక రోజు ఆగితే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. తాళంచెవి తీసుకుని, ఆమె చేతికిచ్చిన టీ గబగబా తాగి గది తెరిచాడు. నమాజు ముగిసి వాళ్లు వచ్చేసరికి రెండవుతుంది. ఆలోపు మిషను లేచి కూర్చోవాలి. ఆయన కూతురి ముందు కుర్చీలో కూర్చుని ఒక్క పత్రం తప్పులేకుండా కొట్టి చూపిస్తే చాలు, తన పని తాను చేసుకోగలడని ఆమెకు తెలుస్తుంది. అప్పుడు ఎవరూ ఆయన్ని ఎక్కడికీ తీసుకుపోనక్కరలేదు. తన తప్పు దిద్దుకోవడానికి అతనికి కనబడిన దారి అదొక్కటే.

డబ్బా మూత విప్పితే లోపల దుమ్ము, బల్లిగుడ్ల పెంకులు. పాత డిస్కు టిక్కు టిక్కుమంటోంది. దాన్ని పక్కకు పెట్టి తెచ్చిన కొత్తది బిగించాడు. సిస్టమ్ ఎక్కుతుంటే శాతం అంకెలు నిదానంగా పెరిగాయి. పాత డిస్కును ఇంకో వైరుతో తగిలించి, అది పూర్తిగా ప్రాణం వదలకముందే పత్రాలన్నీ ఇవతలికి లాగాడు. ఇరవై ఏళ్ల పత్రాలు. ఎవరెవరి పొలాలు, ఎవరెవరి ఇళ్లు, తూర్పున ఎవరు, పడమట ఎవరు, అన్నీ వచ్చేశాయి.

కొత్త సిస్టమ్‌కు కొత్త పోకడలు. మొదలుపెట్టే బొత్తాం ఎడమ మూలనుంచి వచ్చి మధ్యలో కూర్చుంది. దాన్ని తిరిగి మూలకు నెట్టాడు. గంటకొకసారి వాతావరణం చెప్పే డబ్బాను తీసేశాడు. పాస్‌వర్డ్ అడగడం మాన్పించాడు. తనంతట తాను ఆగి కొత్త రూపం దిద్దుకునే అలవాటును కూడా బలవంతాన ఆపించాడు. టైపు మిషను అక్షరాల వరసతో ఉన్న పాత తెలుగు టైపు ప్రోగ్రాం మాత్రం మొండికేసింది. కొత్త సిస్టమ్ దాన్ని లోపలికి రానివ్వనంది. అది లేకపోతే మిగతాదంతా ఎందుకూ కొరగాదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు వేశాడు. నాలుగోసారి, ఇది పాత కాలపు సిస్టమే అని దాన్ని నమ్మించే ఏర్పాటు చేసి మళ్లీ నొక్కాడు. కాసేపు గిర్రున తిరిగి, తెరుచుకుంది.

గడియారం ఒకటీ ముప్పావు చూపిస్తోంది. చదరాల పుస్తకంలో రహీం పేజీ తీశాడు. మిగతా పేజీలన్నిట్లో పేర్లుంటే ఈ పేజీలో అంకెలు ఉన్నాయి. మొదటి మూల నుంచి ఒక్కో బొమ్మను లాగి దాని గడిలో దించాడు. చూసేవాడికి ఆ తెరలో ఒక క్రమమంటూ ఉండదు. ఇక్కడొకటి, అక్కడొకటి, మధ్యలో ఖాళీలు.

ఆ తర్వాత రహీం కుర్చీలోకి మారి, చేతులు కీబోర్డు మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. కిందిబాణం మీది మెతుకు వేలికి తగిలింది. కిందికి మూడు. పక్కకు రెండు. నొక్కాడు. చీకట్లో ఫ్యాను చప్పుడు, బయట నాగరత్నమ్మ గ్లాసులు కడిగే చప్పుడు. మూడేళ్లుగా ఆయన ఇక్కడ ఇలా కూర్చుంటున్నాడన్నమాట అనిపించింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా క్రయపత్రం ఉంది.

"శేఖరప్ప ఉండాడా?"

గుమ్మంలో రహీం. పొడవాటి మనిషి, తెల్లటి లాల్చీ, నెత్తిన టోపీ, మందపాటి కళ్లద్దాలు. ఎప్పుడూ వీధి గోడలను చేత్తో యథాలాపంగా రాసుకుంటూ ఒంటరిగా వచ్చేవాడు, ఈ రోజు చెయ్యి కూతురి భుజం మీద ఉంది. జాహెదా నలభై దాటిన మనిషి. ముఖం చూస్తే రాత్రంతా నిద్రలేనట్టుంది.

"ఉండాను భాయ్. మిషను లేసింది. సూడండి ఒకసారి." చూడండి అనే మాట ఎప్పటిలాగే అలవాటుగా వచ్చేసింది. నాలుక కరుచుకున్నాడు.

"సూస్తాను," అన్నాడు రహీం, ఎప్పటిలాగే.

కూతురి భుజం వదిలి, బల్ల అంచు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి. కిందికి మూడు, పక్కకు రెండు. ఆగకుండా టైపు చేశాడు. ఎవరో అమ్మేవాళ్లు, ఎవరో కొనేవాళ్లు, నాలుగు దిక్కుల హద్దులు, సాక్షులు. అరపేజీ అయ్యాక ప్రింటు మెతుకు నొక్కాడు. కాగితం వచ్చింది. జాహెదా దాన్ని అందుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టి, సగంలో ఆపి, మిగతాది మనసులోనే చదువుకుంది.

"ఒక్క తప్పు గూడా లేదు అబ్బా," అంది తండ్రితో. గోడ వైపు తిరిగి కళ్లు ఒత్తుకుంది.

మునిశేఖర్‌కు ప్రాణం లేచివచ్చింది. "అదేనమ్మా నేననేది. మిషను బాగుంటే భాయ్‌కి ఏ కొదవా లేదు. ఇంగ చెడిపోకుండా నేను వారం వారం వచ్చి సూస్తాను. చెడిపోతే ఆ పొద్దే వస్తాను. యాడుండినా వస్తాను."

తన గొంతు తనకే వింతగా వినిపించింది. ఒక్కసారిగా అన్ని మాటలు అతను ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడలేదు.

జాహెదా చేతిసంచీలోంచి ఒక మడత కాగితం తీసి బల్ల మీద విప్పింది. నిన్న రాసిన కాగితం. నలుపు మీద నలుపు. ఒక్క మాట కూడా విడిపోయి కనబడదు.

"ఇది వీధంతా సూసిందన్నా," అంది మెల్లగా. "పొద్దున ఇద్దరు పార్టీలు వాళ్ల పాత కాగితాలు వాపసు తీసుకోనిపాయిరి. గది నిన్న రేత్రే వేరే ఆయనకు మాట ఇచ్చేసినాము. మిషనుతో సహా."

"మిషనుకు కండ్లుండాయప్పా ఇప్పుడు," అన్నాడు రహీం, చిన్నగా నవ్వి. "నాకు లేవని తెలిసిపాయ గదా. కండ్లు లేనోని కాడ ఎవురు రాయించుకుంటారు? వాళ్ల తప్పు లేదు. భూమి సంగతి."

మునిశేఖర్ ఆ నల్లటి కాగితం వంకే చూస్తూ నిలబడ్డాడు.

"బుధవారమే రావాల్సింది భాయ్ నేను," అన్నాడు చివరికి. "నాకు తెలుసు. తెల్సి గూడా రాలే."

"నీకు తెలుసని నాకు తెలుసులే."

మునిశేఖర్ తలెత్తాడు.

"ఆ పొద్దు నువ్వు బల్ల కిందికి వంగి వైరు తగిలించినావు సూడు. తెర టక్కుమని లేసింది. కండ్లు పోయినాయి గానీ చెవులు పోలేదు గదా. ఓహో, ఇంతసేపు చీకటి తెరకు తల ఊపినానే అని తెలిసిపాయ." ఆయన కీబోర్డు మీది మెతుకును బొటనవేలితో నిమిరాడు. "మొన్న ఫోన్లో, తొందరగా రా అని ఒక్క మాట అనుంటే సరిపోతాండె. నోరు రాలే. నువ్వు అడుగుతావేమో అనుకుంటి. నువ్వూ అడగలే. ఇద్దరమూ మర్యాదస్తులమే."

మునిశేఖర్ నల్లటి కాగితాన్ని మడిచి జాహెదాకు అందించాడు.

రహీం సొరుగు తెరిచి తన రబ్బరు ముద్రలు, సిరా పెట్టె తీసి లాల్చీ జేబులో వేసుకున్నాడు. మిగతావాటిని చేతితో ఒక్కోటీ తడిమి వదిలేశాడు. లేచి నిలబడి చెయ్యి చాచాడు. మునిశేఖర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. మెత్తటి, వెచ్చటి చెయ్యి.

"అన్నీ యాడివి ఆడనే ఉండాయి శేఖరప్పా. కొత్త సిస్టమంట, సెప్పకపోతే తెలిసేదే గాదు. ప్రతిసారీ అనుకుంటా ఉంటి, ఈ మనిషి ఎంత కష్టపడి ఉంటాడో అని." ఆగి, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు. "అన్నం తిన్యావా?"

"తిన్యాను భాయ్."

"అబద్దాలు. నీ కాడ నాగరత్నమ్మ టీ వాసన తప్ప ఇంగేం రాలే. పోయి తిను ముందు."

బయట ఆటో వచ్చి ఆగింది. జాహెదా చెయ్యి పట్టి ఎక్కించింది. "కుప్పం వస్తే ఇంటికి రా అన్నా," అంది. మునిశేఖర్ తలూపాడు. ఆటో వీధి చివర మలుపు తిరిగేదాకా రహీం తల తిన్నగా ముందుకే ఉంది. వెనక్కి తిరిగి చూడడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. మునిశేఖర్ మాత్రం చెయ్యెత్తి అలాగే నిలబడ్డాడు.

గదిలోకి తిరిగొచ్చి స్క్రూలు, వైర్లు సంచీలో సర్దుకుంటుండగా గది తీసుకున్న యువకుడు వచ్చాడు. పేరు భానుప్రకాశ్. ఆన్‌లైన్ సెంటర్ పెడతాడట. చంకలో కొత్త కీబోర్డు పెట్టె. మర్యాదగా నమస్కారం పెట్టి, కుర్చీలో కూర్చుని తెర వెలిగించాడు.

"సార్, మిషను స్పీడుగానే ఉండాది. కానీ ఇదేంది, యాడంటే ఆడ చెల్లాచెదురుగా? పెద్దాయన ఎట్లా పనిసేసినాడో పాపం." అంటూనే మౌస్ కుడి బొత్తాం నొక్కి, ఏదో ఒక మాట ఎంచుకున్నాడు.

ఒక్క క్షణం. బొమ్మలన్నీ కదిలి, బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఎడమ అంచున వరసగా నిలబడ్డాయి. క్రయపత్రం ఎక్కడికి పోయిందో మునిశేఖర్‌కే వెంటనే దొరకలేదు.

"ఇప్పుడు నీట్‌గా ఉండాది గదా సార్?"

వద్దప్పా, వాటిని కదిలించొద్దు అనే మాట అతని గొంతుదాకా వచ్చింది. ఎవరికోసం? ఆ లెక్క తెలిసిన వేళ్లు ఇప్పుడు కుప్పం దారిలో పలమనేరు బస్సులో ఎవరి భుజాన్నో పట్టుకుని ఉంటాయి.

"బాగుండాది," అన్నాడు.

అలవాటు కొద్దీ చదరాల పుస్తకం తీసి, కొత్త పేజీ పైన "భానుప్రకాశ్, పుంగనూరు" అని రాశాడు. తెర వంక చూశాడు. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి, గుర్తు పెట్టుకోవడానికేమీ లేదు. పుస్తకం మూసేశాడు.

భానుప్రకాశ్ పెట్టెలోంచి కొత్త కీబోర్డు తీసి తగిలిస్తూ, పాతదాన్ని ఎత్తి వెలుగులో పెట్టి చూశాడు. "దీని మీద ఏందో అంటుకోనుండాది సార్," అని గోటితో ఒకసారి గీకి, రాకపోతే వదిలేసి, వైరు చుట్టి కిటికీ గట్టు మీద పెట్టేశాడు. దాన్ని నాకివ్వు అని అడుగుదామనుకున్నాడు మునిశేఖర్. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. సంచీ ఎడమ భుజానికి తగిలించుకుని, భానుప్రకాశ్‌కు తాళంచెవి అప్పగించి, మదనపల్లె బస్సు కోసం నడిచాడు.

మెట్ల కింద గదిలో, కిటికీ గట్టు మీద పడ్డ మూడు గంటల ఎండలో, అరిగిన అక్షరాల కీబోర్డు మీద కిందిబాణపు మెతుకు వేలు రాసి రాసి నున్నగా మెరుస్తోంది.